ప్రభాకర్ ఫోన్‌లో సౌండు తక్కువ

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. రోడ్డు వెంట నడిచిపోతే ఒక షెడ్డు ముందు ఆంజనేయుడు, ఇంకో షెడ్డు ముందు గరుత్మంతుడు, ఆ పక్కన ఇంకా ముఖం తేలని ఎవరో నాయకుడు నిలబడి ఉంటారు. దారినపోయేవాళ్లు కార్లు ఆపి చెక్కేవాళ్ల ఫొటోలు తీసుకుంటారు. ప్రభాకర్ ఫొటో ఇంతవరకు ఎవరూ తీయలేదు. ఆయన పని రాయిని వినడం, అది ఫొటోలో పడదు.

లారీలోంచి రాయి దిగగానే ప్రభాకర్ చిన్న సుత్తి పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు. ఒకచోట తట్టి, తల వంచి, కాసేపు ఆగుతాడు. మళ్లీ ఇంకోచోట తడతాడు. లోపల పగులు లేని రాయి కంచులాగా ఖంగుమంటుంది. పగులున్నది మొద్దుగా మోగుతుంది. పైకి చూస్తే రెండూ ఒకటే నలుపు. "పలికింది" అని ప్రభాకర్ అంటే రాయి షెడ్డులోకి పోతుంది. "పలకల్యా" అంటే గేటు పక్కన పడి, మేం టీ తాగేటప్పుడు కూర్చోవడానికి పనికొస్తుంది. పగిలి భిన్నమైన విగ్రహాన్ని ఏ గుడిలోనూ పెట్టరు. అందుకని ఆయన మాటకు మా షెడ్డులో అప్పీలు లేదు.

వారమంతా దేవుళ్లకు రాళ్లు విని, ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాడు. బయటి ఊరివాళ్లు ఎవరైనా దీన్ని వింతగా అడిగితే, "రాయికి మతం యాడుంటాదప్పా? పగులుందా లేదా, అంతే" అంటాడు. అడిగినవాళ్లకు దాంతో తృప్తి కలగదు. వాళ్ల తృప్తి ఆయనకు అవసరం లేదు.

నేను నృసింహను. అదే షెడ్డులో శిలాఫలకాలు చెక్కుతాను. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, సమాధులు. మనుషుల పేర్లు చెక్కి చెక్కి మనుషుల మీద నాకు పెద్ద భ్రమలు మిగల్లేదు. అయినా ప్రభాకర్ అంటే నాకు ప్రాణం. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, కాసేపటికి ఆయన్ని తిడతాను కాబట్టి.

ప్రభాకర్‌కు ఒక ఫోను ఉంది. దానికి తెల్లటి హెడ్‌ఫోన్ వైర్లు. తట్టడానికి రాయి లేనంతసేపూ క్రైస్తవ గీతాలు వింటాడు. ఆయన చెవిలో ఏ పాట వస్తోందో మా షెడ్డులోనే కాదు, రోడ్డు అవతల సోడా బండి దగ్గర కూడా తెలుస్తుంది. పల్లవి అయిపోయి చరణం మొదలైతే సోడా బండి ఆయన గొంతు కలుపుతాడు. ఒక్క ప్రభాకర్‌కే సరిగ్గా వినపడదు.

"ఈ ఫోన్లో సౌండు తక్కువప్పా" అనేవాడు.

మాలో ఒక్కరూ నోరు తెరిచేవాళ్లు కాదు. ముప్పై ఏళ్ల నుంచి గ్రైండర్ల మధ్య నిలబడ్డ మనిషి చెవులు ఎట్లా ఉంటాయో అందరికీ తెలుసు. కానీ వినడమే పనిగా బతికేవాడికి నీ చెవులు పోయాయని ఎట్లా చెబుతారు? ఫోను మాత్రం చెప్పేది. సౌండు పెంచినప్పుడల్లా, ఎక్కువసేపు ఇంత గట్టిగా వింటే వినికిడి దెబ్బతింటుందని తెరమీద అచ్చ తెలుగులో రాసేది. ప్రభాకర్ అది చదివి, ముఖం చిట్లించి, 'సరే' నొక్కేవాడు.

పోయిన ఎండాకాలం ఆయన తనే రిపేరుకు దిగాడు. హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చే రంధ్రాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. విగ్రహానికి ముక్కుపుటాలు తొలిచే సన్నటి బిట్టు ఒకటి ఉంటుంది. దాన్ని తెచ్చాడు.

"ఏం చేస్తాండావన్నా?" అన్నాను.

"బొక్క ఇరుగ్గా ఉంది. ఇంత ఇరుకులోంచి సౌండు యాడ వస్తాది?"

మా వృత్తిలో ఇరుకైన రంధ్రానికి మందు అదే. చాలా శుభ్రంగా తొలిచాడు. అంచులు కూడా నునుపు చేశాడు. ఆ తర్వాత ఆ ఫోను ఇంకెప్పుడూ వెలగలేదు. ఇంకో ఫోను కొనుక్కుని, "దీంట్లో కూడా తక్కువే" అన్నాడు.

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండిపోయేది, మధ్యలో జీవన్ కుమార్ లేకపోతే.

జీవన్ కుమార్‌ది దొర్నిపాడు. మా షెడ్డులో ముఖాలు చెక్కేవాడు. ప్రభాకర్ వెళ్లే చర్చికే వచ్చేవాడు, పక్కపక్కనే కూర్చునేవాళ్లు. వానలు మొదలయ్యేటప్పుడు ఒక లక్ష్మీదేవి విగ్రహం ఆర్డరు వచ్చింది. ప్రభాకర్ రాయి తట్టి "పలికింది" అన్నాడు. మిగతావాళ్లు ఒళ్లు తేల్చాక జీవన్ ముఖం మొదలుపెట్టాడు. కళ్లు వచ్చాయి, ముక్కు వచ్చింది. పెదవి కింద ఉలి ఆనించగానే గడ్డం ఊడి కిందపడింది.

షెడ్డు ఓనరు వచ్చి ఇద్దర్నీ నిలబెట్టాడు. తప్పు రాయిదైనా కావాలి, ఉలిదైనా కావాలి.

"నేను మెల్లగానే పెట్టినాన్నా. పగులు రాయిలోనే ఉంది" అన్నాడు జీవన్.

"నేను ఇన్నా. రాయి పలికింది" అన్నాడు ప్రభాకర్.

అప్పీలు లేదని ముందే చెప్పాను కదా. జీవన్ తన ఉలులు గోనెసంచిలో చుట్టుకుని వెళ్లిపోయాడు. విగ్రహాలు పగలగొట్టేవాడని పేరు పడ్డాక ఇంకో షెడ్డువాడు ఎవడు రానిస్తాడు? దొర్నిపాడులో శనగ మూటలు మోస్తున్నాడని తెలిసింది. గడ్డం లేని లక్ష్మీదేవిని మాత్రం పడేయడానికి మనసొప్పక, గేటు పక్కన పట్టా కప్పి ఉంచాం. దాని మీద ఎవరమూ కూర్చోలేదు.

అది చూసినప్పుడల్లా నాకు ప్రభాకర్ మీద ఒళ్లు మండేది. మొండి ముసలోడా, ఫోన్‌ను తిట్టే నోటితో ఒక్కసారి నీ చెవుల్ని అనుమానించగూడదా అని లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి. పైకి మాత్రం, నంద్యాలలో ఫోన్లు బాగా చూసే అమ్మాయి ఉందంట, పోదాం పద అన్నాను.

బస్సు దిగి ఆ అంగడికి వెళ్లాం. అమ్మాయి పేరు చందన. ఫోను చేతిలోకి తీసుకోగానే, "ఆళ్లగడ్డా?" అంది.

"ఎట్ల తెలిసింది?"

"మీ ఊరి ఫోన్లన్నీ ఇంతే అంకుల్. పిండి గిర్నీలో పడి లేచినట్టుంటాయి."

మెత్తటి బ్రష్షుతో రంధ్రంలోంచి రాతిపొడి తీసింది. ఫోను లోపలికి పోయి చూసి, సౌండుకు ఎవరో హద్దు పెట్టారని ఆ హద్దు తీసేసింది. సౌండును కుడి చెవికి, ఎడమ చెవికి పంచే గీత ఒకటి ఉంటుంది, దాని మీద చుక్క ఒక పక్కకు జరిగిపోయి ఉంటే లాగి నడుమ పెట్టింది. ఇవన్నీ జేబులో వేలు తగిలి మారిపోతుంటాయట. తర్వాత హెడ్‌ఫోన్లు తన చెవిలో పెట్టుకుని పాట నొక్కి, ఉలిక్కిపడి పీకేసింది.

"ఫోన్ బాగుంది అంకుల్."

"ఇంగోసారి సూడమ్మా."

చందన ఆయన వైపు చూసింది. నా వైపు చూసింది. నేను గోడమీది కవర్ల వైపు చూశాను.

ఆ పిల్ల తెలివైంది. వాదించలేదు. "ఈ వైర్లు బాగలేవు, సౌండంతా బయటికి కారిపోతాంది" అని చెప్పి, చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు మొనలున్నవి ఇచ్చింది. ఫోన్‌లోనే ఒక ఏర్పాటు ఉందని, దాన్ని నొక్కితే బయటి శబ్దాన్ని ఫోను పట్టుకుని, పెంచి చెవిలో వేస్తుందని చూపించింది. సన్న శబ్దాలను ఎక్కువ పెంచేటట్టు ఒక గీతను పైకి జరిపింది.

ప్రభాకర్ ఆ మొనలు చెవుల్లో పెట్టుకున్నాడు. తర్వాత తల అటూ ఇటూ తిప్పాడు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. పక్కంగట్లో ఎవరో గాజులు సర్దుకుంటున్నారు. ఆయన తన చొక్కా చేయి గోటితో గీకి చూసుకున్నాడు.

"బాగైందప్పా ఫోను" అన్నాడు.

తిరుగు బస్సులో ఫోన్‌ను దీపంలాగా ముందుకు పట్టుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు వియ్యపురాలి గురించి గుసగుసలాడుకుంటున్నారు. అంతా విని, ఆళ్లగడ్డ దిగాక, "ఆ వియ్యపురాలిదే తప్పు" అని నాతో అన్నాడు.

ఆయన భార్య మంజుల అంగన్‌వాడీలో ఆయా. పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు ఆమెది. మొగుడితో మాట్లాడాలంటే గట్టిగా అరుస్తుంది. మొగుడి గురించి మాట్లాడాలంటే మెల్లగా గొణుగుతుంది. కొన్నేళ్లుగా ఆమె అనుకున్నదంతా ఆయన ఎదురుగానే గొణుక్కుంటోంది. అదొక సౌకర్యం. ఆ సాయంత్రం నేను కూడా వాళ్లింట్లోనే ఉన్నాను, అన్నం తిని పొమ్మంటే కూర్చున్నాను. మొగుడి చెవుల్లో వైర్లు చూసి మంజుల, పాటలు వింటున్నాడనుకుంది.

"సంగటి ఇంకొంచెం పెట్టనా?" అని అరిచింది.

ప్రభాకర్ అదిరిపడ్డాడు. చేత్తో వద్దన్నాడు.

ఆమె గిన్నె పక్కకు లాక్కుంటూ, ఎప్పటి గొంతుతో గొణిగింది. "ఫోనంట, సౌండంట. ఈయప్ప చెవులు చెడి ఆ పిల్లోని నోటికాడి కూడు పాయ. దేవుని ముందర మోకాళ్లేస్తాడు, ఆ పిల్లోడు మాత్రం గుర్తుకు రాడు."

ప్రభాకర్ ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు.

"ఏమంటివి?"

"సంగటి కావాల్నా అంటి" అని అరిచింది.

"అది కాదు. దాని తర్వాతది."

మంజుల గిన్నె కింద పెట్టింది. నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. అదే మెల్లని గొంతుతో, ఈసారి ఆయన ముఖంలోకి చూస్తూ, ఆ మాటలే మళ్లీ చెప్పింది. ప్రభాకర్ చేయి కడుక్కుని బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. నేను వెళ్లొస్తానంటే తల ఊపాడు, అంతే.

మర్నాడు పొద్దున అందరికంటే ముందొచ్చాడు. మేం వచ్చి గ్రైండర్లు మొదలుపెడితే, ఆపమని చేయెత్తాడు. ఓనరు కూడా ఏందని బయటికి వచ్చాడు. ప్రభాకర్ గేటు దగ్గరికి పోయి పట్టా లాగేశాడు. లక్ష్మీదేవి పడుకుని ఉంది. కళ్లు, ముక్కు ఉన్నాయి. పెదవి కింద గడ్డం లేదు.

ఫోన్‌ను విగ్రహం భుజం పక్కన పెట్టాడు. రెండు చెవుల్లో రబ్బరు మొనలు నొక్కుకున్నాడు. సుత్తితో భుజం మీద తట్టాడు. గుండెల మీద తట్టాడు. నడుము మీద తట్టాడు. నాకు రాళ్లు వినడం రాదు. అయినా ఆయన ముఖం చదవగలను. తెలిసినదాన్నే మళ్లీ తెలుసుకుంటున్న ముఖం అది. మెడ దగ్గరి నుంచి నడుము దాకా తట్టుకుంటూ పోయి, ఎర్రసుద్దతో పొడుగునా ఒక గీత గీశాడు.

"ఈడ్నుంచి ఈడికి" అన్నాడు.

"నువ్వే కదా పలికిందంటివి?" అన్నాడు ఓనరు.

మేమంతా ప్రభాకర్ వైపు చూశాం. 'అప్పుడు ఫోన్ బాగలేదు' అంటాడని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అట్లా అనాలని కోరుకున్నాను. ఆయన ఆ మాట అంటే ఎవరమూ కాదనేవాళ్లం కాదు. లక్ష్మీదేవి మీద మళ్లీ పట్టా కప్పేవాళ్లం.

ప్రభాకర్ ఫోను తీసుకుని జీవన్ కుమార్ నంబరు నొక్కాడు. అవతల ఎత్తినట్టున్నాడు.

"జీవన్, నేను ప్రభాకర్‌ను."

వినికిడి తగ్గినవాళ్లు మెల్లగా మాట్లాడలేరు. షెడ్డంతా వినపడింది, సోడా బండి దాకా వినపడింది. ఆయనకు ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసినా గొంతు తగ్గించేవాడు కాదని ఇప్పుడనుకుంటున్నాను.

"రాయి చెడ్డదిరా. నీ ఉలిది తప్పుల్యా. నేను ఇప్పుడే తట్టి చూసినా, నడుము దాకా పగులుంది. నాకు చెవులు ఇనపడవు జీవన్. ఎన్నాళ్ల నుంచో ఇనపడవు. ఇనపడిందని అబద్ధం చెప్పి నీ పని పోగొట్టినా."

గ్రైండర్లు ఆగే ఉన్నాయి. ఓనరు తల గోక్కుని, నేల చూస్తూ, "రమ్మను" అన్నాడు.

"ఓనరు రమ్మంటాండాడు. ఉలులు తీసుకుని రా" అన్నాడు ప్రభాకర్. తర్వాత వినడం మొదలుపెట్టాడు.

జీవన్ చాలాసేపు మాట్లాడాడు. అంతసేపు ఏం మాట్లాడాడో మాలో ఒక్కరికీ వినపడలేదు. చందన ఇచ్చిన వైర్లు మంచివి, చిన్న చప్పుడు కూడా బయటికి రానివ్వలేదు. ప్రభాకర్ తల వంచి, రాయి దగ్గర ఆగినట్టే ఆగి, కదలకుండా విన్నాడు. వింటూ ఏడ్చాడు.

ఫోను పెట్టేశాక దగ్గరికి పోయాను. "ఏమన్నాడన్నా?"

ఆయన చెవుల్లోంచి వైర్లు తీసి, జాగ్రత్తగా చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నీకు ఇనపల్యా?" అన్నాడు.

లేదన్నాను. ఆయన సుత్తి తీసుకుని లారీ వైపు నడిచాడు. ఇంతవరకు చెప్పలేదు.