ఉరుకుందమ్మ వేళ్లు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. దించుకునే చోటు మాత్రం ఇంతవరకు దొరకలేదు. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. వ్యవసాయం చదువుకుని హొళగుంద వైపు ఒక ఊళ్లో ఉద్యోగంలో చేరాను. ఊరి పేరు రాయను. ఏ పొలంలో ఏ పంట ఉందో ఫోన్లో నమోదు చెయ్యడం నా పని. పొలం దాకా పోవాలి, రైతును పంటలో నిలబెట్టి ఫోటో తియ్యాలి. పంట పోయినప్పుడు ప్రభుత్వ సాయం నేరుగా రైతు ఖాతాలో పడాలంటే ఆ నమోదు ఉండాలి. ఎవరి చేతులూ తడపనక్కర్లేదు, ఎవరి గడపా తొక్కనక్కర్లేదు అని ఊరూరా మేమే చెప్పేవాళ్లం. ఆ మాట నేను నిజంగానే నమ్మాను.

ఆ ఊళ్లో ఉరుకుందమ్మ అని ఒక అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వంక అవతల రెండెకరాల నల్లరేగడి ఉంటే ఒంటరిగా సేద్యం చేసేది. నేను కనబడితే చాలు, కొంగు ముడి విప్పి కాల్చిన శనక్కాయలు నా చేతిలో పోసేది.

నమోదుకు ఆఖరి రోజు. ఆమె పొలం ఒక్కటే మిగిలింది. వంకలో నీళ్లు పారుతున్నాయి. ఇవతలి గట్టు మీద నిలబడి చూశాను. పత్తి నడుమెత్తు పెరిగి, పచ్చగా, స్పష్టంగా కనిపిస్తోంది. ఫోన్ తీసి ఆమె సర్వే నంబరు దగ్గర ‘బీడు’ అని నొక్కాను. బీడని నొక్కితే రైతు ఫోటో అడగదు.

నీళ్లు అడ్డమొచ్చాయని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అవి మోకాలు లోతు కూడా లేవు. మరి ఎందుకు దాటలేదు? ఆదోనిలో స్నేహితురాళ్లతో సినిమాకు టికెట్లు తీసుకున్నాం, బస్సుకు టైమవుతోంది. అంతే. ఇంత చిన్న కారణం కాకుండా ఇంకేదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. ఏమీ లేదు.

పత్తి పగిలే వేళకు వానలు పట్టుకున్నాయి. కాయలన్నీ చెట్టు మీదే కుళ్లిపోయాయి. సాయం అందేవాళ్ల జాబితా ఆఫీసు గోడకు అంటించి, తప్పులుంటే వారంలో చెప్పమన్నారు. రెండోరోజు ఉరుకుందమ్మ వచ్చింది.

“మేడమ్మా, అందరి పేర్లూ ఉండాయంట. నాది లేదంట. యాల?”

ఆ క్షణంలో దిద్దవచ్చు. ‘నాదే పొరపాటు’ అని పైకి ఒక కాగితం రాస్తే చాలు. కానీ నాకు మెమో వస్తుంది, కొత్త ఉద్యోగం, పదిమందిలో మాట పడాలి. ఎప్పుడో విత్తనాలకొచ్చినప్పుడు ఆమె వేలిముద్ర మిషన్ మీద రెండు మూడు సార్లు పెడితేగాని పడలేదు. అది గుర్తొచ్చింది.

“విత్తనాలప్పుడు నీ వేలిముద్ర సరిగ్గా పడలేదవ్వా. వేళ్లు అరిగిపోయినాయి. మిషన్ తీసుకోల్యా.”

ఆమె రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది.

“అయితే నా యేళ్లదేనా తప్పు?”

“అవునవ్వా.”

“గడ్డి పీకీ పీకీ అట్లయినాయి. నువ్వేం సేస్తావులే తల్లీ. బాధపడొద్దు.”

నన్ను ఓదార్చి వెళ్లింది.

ఆ తర్వాత వేలిముద్రలు మళ్లీ నమోదు చేయించుకోవడానికి ఆదోనికి నాలుగుసార్లు పోయింది. ఎవరో చెప్పారని వేడినీళ్లలో చేతులు నానబెట్టేది, కొబ్బరినూనె రాసుకునేది. కనబడినప్పుడల్లా “ఇప్పుడు సూడు మేడమ్మా” అని వేళ్లు చూపించేది. నేను వంగి చూసేదాన్ని. చూసి “పర్వాలేదవ్వా” అనేదాన్ని. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆ చలికాలం ఆమె సుగ్గికి పోయింది. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే కూలికి వలసపోవడాన్ని మా వైపు సుగ్గి అంటాం. “సొంత చేను ఉండేదాన్ని, నాకేం సుగ్గి?” అనేది అంతకు ముందు. అరవై దాటాక మొదటిసారి మూట కట్టుకుని లారీ ఎక్కింది. పైన ఉన్న ఆడవాళ్లు చెయ్యి పట్టి లాగారు. నేను ఆఫీసు కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు.

మరుసటి ఏడు విత్తనానికి చేతిలో ఏమీ లేక పొలం వదిలేసింది. నమోదుకు వెళ్లి, ఈసారి వంక దాటి, కంపచెట్లు మొలిచిన ఆ నేల ఫోటో తీసి బీడని రాశాను. ఈసారి అది నిజం.

మళ్లీ సుగ్గికి పోయి వచ్చాక ఒకసారి ఆఫీసుకొచ్చి మిషన్ మీద వేలు పెట్టింది. ఒక్కసారికే పడింది. ఎంత సంబరపడిందో. “నూనె పనిసేసింది, సూడు” అంది. నేను తలూపాను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆ సంబరం చెడగొట్టడమెందుకని ఊరుకున్నానా, నన్ను నేను కాపాడుకున్నానా? రెండోదే.

ఇప్పుడు వేరే మండలంలో ఉన్నాను. ఆమె ఉందని, ఇంకా కూలికి పోతోందని అక్కడివాళ్లు చెప్పారు. బస్సెక్కితే మూడు గంటలు. ఎక్కలేదు. ఎక్కుతానో లేదో తెలియదు. ఆమె క్షమిస్తుందని నాకు తెలుసు. అదే భయం. అంత సులువుగా క్షమిస్తే తీసుకోలేను.

ఉరుకుందమ్మ వేళ్లలో ఏ లోపమూ లేదు. తప్పు నాది. ఈ రెండు మాటలూ ఒకచోట రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకు మించి అడగను.