కుప్పం మెయిల్ బాక్సులో పోయిన టమాటా తోట

ఆ శనివారం మధ్యాహ్నం అన్నానికి లేచే ముందు, మా మూడు ఆఫీసుల మెయిల్ బాక్సుల్లో ఉన్న డిలీటెడ్ ఫోల్డర్లన్నింటినీ నేను ఒకేసారి ఖాళీ చేశాను. ఎవరినీ అడగలేదు. అందరికీ చెప్పాను కదా అనుకున్నాను. చెప్పడం వేరు, చెప్పింది అవతలివాళ్ళకు చేరడం వేరు. ఆ తేడా నాకు తెలిసేసరికి, కుప్పం పక్క పల్లెలో ఒక రైతుకున్న ఒకే ఒక్క సాక్ష్యం నా చేతి మీదుగా పోయింది.

మాది నారు పెంచి అమ్మే నర్సరీ. మదనపల్లెలో హెడ్డాఫీసు, పుంగనూరులోనూ కుప్పంలోనూ బ్రాంచీలు. విత్తనాలను ట్రేలలో మొలకెత్తించి, నీడ వలల కింద పెంచి రైతులకు ఇస్తాం. ఎక్కువగా టమాటా, తర్వాత క్యాబేజీ, మిరప. కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు, మెయిల్ అన్నీ చూసుకునేది నేనొక్కడినే. మెయిల్ సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. మా యజమాని ఎప్పుడో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక పాత మిషన్. దాన్ని గోడౌన్‌లో, ట్రేలలో నింపే కొబ్బరి పొట్టు మూటల పక్కన పెట్టాం. పొట్టు దుమ్ము ఫ్యాన్లలోకి పోయి అది ఎప్పుడూ ఆయాసపడుతున్నట్టు చప్పుడు చేసేది. డిస్కు దాదాపు నిండిపోయింది. అది పూర్తిగా నిండితే మూడు ఊళ్ళలోనూ మెయిల్ ఆగిపోతుంది. కారే పాకలో గిన్నెలు జరుపుతూ తిరిగేవాడిలా, ఒక పెట్టెలో కొంచెం తీసి ఇంకో పెట్టెకు చోటు చేస్తూ నెలల తరబడి గడిపాను. కొత్త మిషన్ కావాలని గట్టిగా అడగలేదు. అడిగితే ఇన్నాళ్ళూ ఏం చూసుకున్నావంటారని భయం.

ఆ వారం నేను అందరికీ ఒక మెయిల్ పంపాను. శనివారం డిలీటెడ్ ఫోల్డర్లు ఖాళీ చేస్తున్నాను, కావలసినవి ఉంటే తీసి పెట్టుకోండి అని. పుంగనూరు మేనేజరుకు మాత్రం ఫోన్ చేశాను, అదీ తిట్టడానికి. ఆయన రోజూ పొద్దున్నే పూల బొమ్మలూ దేవుళ్ళ బొమ్మలూ మూడు ఆఫీసులకూ పంపుతాడు. ఆ శుభోదయాలతోనే సగం డిస్కు నిండిందని అన్నాను. ఆయన నొచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

శనివారం సాయంత్రం కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ రైతుల ఫిర్యాదులు చూసే అమ్మాయి. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి ప్రింటర్ విప్పుతున్నాను. బిల్లులు రాసేవాళ్ళిద్దరు పక్కనే ఉన్నారు.

"అన్నా, నా ఫోటోలు కనపడల్యా. యాడికి పోయినాయి?"

"ఏ ఫోటోలమ్మా?"

"టమాటా ఫోటోలన్నా. కాయ పగిలినేవి. సోమవారం విత్తనాల కంపెనీ ఆయన వస్తాండాడు కదా, ఆయనకి సూపించల్ల."

"ఏ ఫోల్డర్‌లో పెట్టినావు?"

"డిలీటెడ్‌లో."

నేను నవ్వాను. పక్కనున్నవాళ్ళ వైపు చూసి మరీ నవ్వాను. "చెత్తబుట్టలో సొమ్ములు దాచిపెట్టేవాళ్ళు యాడైనా ఉండారామ్మా?" అన్నాను. వాళ్ళిద్దరూ కూడా నవ్వారు. ఆ నవ్వు ఆ అమ్మాయికి వినిపించింది. వినిపించాలనే నవ్వాం.

 ఆమె నెమ్మదిగా అంది. "పనైపోయిన మెయిలు ఇన్‌బాక్సులో ఉంచద్దని సెప్పింది నువ్వే కదన్నా. యాడ పెట్టల్లో సెప్పలేదు. ఆ ఒక్క బటన్ నొక్కితే పక్కకు పోతాండె, ఎతికితే దొరుకుతాండె. మా ఇంట్లో ఊడ్సిందంతా దిబ్బలో ఏస్తాం. దిబ్బని ఎవురైనా పారేస్తారా? ఏడాది పొడుగునా కూడబెట్టి సేనికి ఎరువుగా తోలుకుంటాం. నువ్వు దిబ్బనే ఎత్తుకపోతివి."

పక్కవాళ్ళు నవ్వు ఆపారు. నేను స్పీకర్ తీసేశాను.

అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. మేమిచ్చిన నారు నాటిన ఒక రైతు తోటలో కాయలన్నీ వంకరపోయి, పగిలిపోయి, ప్యాకెట్ మీద రాసిన రకమే కానట్టు కాశాయి. ఇలాంటప్పుడు విత్తనాల కంపెనీ మళ్ళీ విత్తనం ఇవ్వాలంటే వాళ్ళ మనిషి తోటను చూడాలి. లేదా తోటా, విత్తనం ప్యాకెట్ మీది నంబరూ ఒకే ఫోటోలో కనిపించాలి. ఆమె అన్నీ సరిగ్గానే తీసింది. వాటిని కంపెనీకి పంపితే, సైజు ఎక్కువైందని వెనక్కి వచ్చాయి. నేనొచ్చినప్పుడు చూపండి అన్నాడట కంపెనీ ఆయన. ఆఫీసు ఫోనులో చోటు చాలక, ఫోటోలు తన మెయిల్‌కే పంపుకుని ఫోనులోంచి తీసేసింది. వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత పోతుంది, ఫిర్యాదులన్నీ మెయిల్‌లోనే ఉండాలి అని రూలు పెట్టింది కూడా నేనే.

"అయితే ఇంకోసారి పోయి తీసుకుందువులేమ్మా," అన్నాను.

"తోట ల్యాదన్నా," అంది. "ఫోటోలు ఉండాయిలే, ఆ చెట్లు పెరికేయప్పా, మళ్ళీ దున్నుకో అని నేనే సెప్తి. నా మాట నమ్మి పెరికేసినాడు."

నేను గోడౌన్‌లో మిషన్ దగ్గర ఉండగా మా యజమాని వచ్చాడు. కుప్పం నుంచి ఆయనకూ ఫోన్ వెళ్ళింది. "బ్యాకప్ ఉండాది కదప్పా?" అన్నాడు. నేను తల ఎత్తకుండా, "ఉంది సార్," అన్నాను. లేదు. బ్యాకప్ కోసం కొన్న డిస్కును ఎండాకాలంలో నేనే మెయిల్ బాక్సుల చోటు కోసం కలిపేశాను. అప్పుడు ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. "అట్లయితే సరే, నువ్వుండావని ధైర్యం," అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

మూడు ఊళ్ళ మెయిల్ ఆపేసి, పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రామ్ పెట్టి ఆ మిషన్ ముందు కూర్చున్నాను. వచ్చిన ఫోటోలు సగం సగమే వచ్చాయి. పైన ఒక చీలిక ఆకాశం, కొండ అంచు, అక్కడి నుంచి కిందంతా బూడిద రంగు. ఏ ఫోటో తెరిచినా అంతే. తోట ఉండాల్సిన చోట బూడిద. ఇంకొకటి, ఇంకొకటి అని తెరుస్తూ, ఎవరికో మొక్కుకుంటూ, కనీసం ఒక్క కాయ కనపడితే చాలు అనుకుంటూ కూర్చున్నాను. 

ఆ తుక్కులో పూర్తిగా బాగున్నది ఒకటే దొరికింది. నేనే పారేసిన మెయిల్ అది. ఆ వారం నేను అందరికీ పంపిన హెచ్చరిక కుప్పం నుంచి వెనక్కి వచ్చింది. ఆ పెట్టె నిండిపోయింది, ఈ మెయిల్ అందించలేకపోయాం అని సర్వర్ నాకు తెలిపింది. నేను చదవలేదు. ఇలాంటివి రోజూ వస్తుంటాయని తీసేశాను. నిండిన పెట్టెకే, పెట్టెలు నిండాయి, ఖాళీ చేస్తున్నాను జాగ్రత్త అని ఉత్తరం వేశాను. అది లోపలికి ఎట్లా పోతుంది? ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నానని చెప్పుకునే నాకు ఆ ఆలోచన రాలేదు. ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. తిట్టడానికి పుంగనూరుకు ఫోన్ చేయడం గుర్తుంది, చెప్పడానికి కుప్పానికి చేయడం గుర్తులేదు.

ఆదివారం పొద్దున మళ్ళీ ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఆ ఫోటోలు ఇంకెవరికైనా పంపావా అని అడిగాను. ఇది ఏ తెగులో చూసి చెప్పమని పుంగనూరు మేనేజరుకు కొన్ని పంపానంది. సర్వర్‌లో ఆయన పెట్టె కూడా నా దెబ్బకు ఖాళీ అయింది. అయితే పుంగనూరు ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఉంది. వచ్చిన ప్రతి మెయిల్‌నూ అది తనలోకి కూడా దించుకుంటుంది. ఆ పద్ధతి మార్చాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ, బద్ధకంతో వదిలేశాను. నేను చేయని పని మీదే ఇప్పుడు ఆశ పెట్టుకుని బస్సెక్కాను.

పుంగనూరు మేనేజరు సెలవు రోజు వచ్చి షట్టర్ ఎత్తాడు. నా కంటే పెద్దవాడు. కుర్చీ తుడిచి నా ముందుకు జరిపాడు.

"కూసో అప్పా. నా శుభోదయాలని అంత తిడితివే, ఇప్పుడు వాట్లల్లోనే ఎతుక్కో."

"తప్పైందన్నా," అన్నాను.

"తప్పేముందిలే. దేవుళ్ళని దాటుకోని పోతే యాడో ఒక చోట దొరుకుతాయి."

వందల కొద్దీ మందార పూలూ దీపాలూ వినాయకులూ దాటుకుంటూ పోయాక రెండు ఫోటోలు దొరికాయి. ఒకదాంట్లో పగిలిన కాయలు, రైతు అరచేతిలో. రెండోదాంట్లో ఒక సాలు పొడవునా వంకర కాయలతో వంగిన చెట్లు. ప్యాకెట్ ఎక్కడా లేదు. ప్యాకెట్ ఉన్న ఫోటో ఆ అమ్మాయి ఈయనకు పంపలేదు. తెగులు చూడ్డానికి ప్యాకెట్ ఎందుకు?

"ఇవి సాలవా?" అన్నాడు మేనేజరు.

"సాలవన్నా."

 ఆయన టీ తెప్పించాడు. నేను తాగలేకపోయాను. బస్టాండుకు నడిచి వెళ్ళి, అక్కడి నుంచి యజమానికి ఫోన్ చేశాను. బ్యాకప్ లేదు సార్, నిన్న అబద్ధం చెప్పాను అన్నాను. డిస్కు సంగతీ, వెనక్కి వచ్చిన హెచ్చరిక సంగతీ, ఆ అమ్మాయిని నలుగురిలో ఎగతాళి చేసిన సంగతీ వరసగా చెప్పాను.  

"నిన్ననే యాల సెప్పల్యా?" అన్నాడు.

"భయపడినాను సార్."

"రైతుకి సెప్పు పో ఈ మాట. నాకు కాదు."

సోమవారం పొద్దున కుప్పం ఆఫీసులో విత్తనాల కంపెనీ ఆయన, ఆ రైతు, ఆ అమ్మాయి ఉన్నారు. రైతు బెంచీ చివర, చెప్పులు బయట విడిచి కూర్చున్నాడు. అమ్మాయి నా వైపు చూడలేదు. కంపెనీ ఆయన రెండు ఫోటోలనూ పెద్దవి చేసి చూసి తల ఆడించాడు.

"కాయ దెబ్బతిన్న మాట నిజమేనండీ. కానీ ప్యాకెట్ నంబర్ లేకుండా ఇది మా విత్తనమేనని నేనెలా రాయను? తోటైనా ఉంచాల్సింది."

రైతు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. కోపంగా కాదు. "నువ్వు పెరికేయమంటివి కదా అమ్మణ్ణీ," అన్నాడు.

ఆమె తల దించుకుంది. ఆ నిమిషంలో నేను మాట్లాడకపోతే, ఆ నింద ఆమెకే అంటుకుని ఉండిపోయేది. నేను లేచాను. ఫోటోలు సరిగ్గానే తీసింది, నంబర్‌తో సహా ఉన్నాయి, భద్రంగానే పెట్టుకుంది, తుడిచేసింది నేను అని చెప్పాను. అదే కాగితం మీద రాసి సంతకం చేసి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పైవాళ్ళు ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. రైతు తప్పు లేదని మాత్రం రాస్తాను," అన్నాడు.

ఆయన వెళ్ళాక యజమానికి ఫోన్ చేశాను. ఆ రైతుకు సరిపడా నారు కుప్పం షెడ్డులోంచే ఇవ్వమన్నాడు. "కంపెనీ ఇయ్యకపోతే దాని సంగతి, నీ సంగతి తర్వాత సూస్తా," అన్నాడు. సరే సార్ అన్నాను. అది ఇంకా తేలలేదు.

నారు ఆటోలోకి ఎక్కించే ముందు ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. నీకు ఏది ఎట్లా దాచుకోవడం అలవాటో చెప్పమ్మా అన్నాను. ఎన్నేళ్ళుగానో ఎవరినీ అడగని మాట అది. ఆమె చెప్పింది. ఆమె చెప్పినట్టే ఒక ఫోల్డర్ చేసి, ఆ బటన్ నొక్కితే మెయిల్ అందులోకి పోయేటట్టు మార్చాను. పేరేం పెట్టమంటావు అంటే, నా చేతిలోంచి కీబోర్డు లాక్కుని తనే 'దిబ్బ' అని కొట్టింది. నవ్వలేదు. శనివారం మేమందరం నవ్విన నవ్వుకు నన్ను క్షమించమని అడిగాను. "నారు వాడిపోతాది, పోండన్నా," అంది.

నారుతో పాటు ఆటోలో వెళ్ళేసరికి, రైతు దున్నుకున్న చేను ఎర్రగా ఖాళీగా ఉంది. పెరికేసిన చెట్లు గట్టు మీద ఎండి కట్టెలై ఉన్నాయి. ట్రేలు దించి, జరిగిందంతా రైతుకు మళ్ళీ మొదటి నుంచి, కంప్యూటర్ మాటలు లేకుండా చెప్పాను. ఆయన వింటూ ఒక ట్రేలోంచి మొక్క పీకి వేళ్ళు చూశాడు.

"నారు ఇస్తివి. బాగుండాది. పోయిన నెలలు ఇస్తావా సామీ?"

 ప్యాంటు మడిచి చేన్లోకి దిగాను. ఆయన ముందు నడుస్తూ పుల్లతో గుంతలు చేస్తుంటే, వెనకాల నేను ఒక్కో మొక్కనూ పెట్టి మన్ను అదుముతూ పోయాను. రెండో సాలుకే నడుము పట్టేసింది. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, నేను పెట్టిన మొక్కను పీకి మళ్ళీ సరిగ్గా నాటి, "లోతుకు పెట్టు," అన్నాడు. లోతుకు పెట్టాను.