గడప లోపలి ఒరియా

మా వదిన సత్యవేణి పేరెత్తితే ముందు నాకు ఒళ్ళు మండుతుంది, మిగతావన్నీ ఆ తరవాతే. చెడ్డ మనిషని కాదు. పట్టిన పట్టు విడవదు, అదీ బాధ. ఒరిస్సాలోని రాయగడలో మా అన్నయ్య ఆదిశేషుది ఉప్పు, పొగాకు, బెల్లం టోకు కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప. గొడవంతా ఆ గడప దగ్గరే వచ్చింది.

ఆ గడపకి మా అమ్మ కన్యకాపరమేశ్వరి పెట్టిన కట్టడి ఒకటుంది. ఆవిడ బొబ్బిలి నుంచి కాపరానికొచ్చిన మనిషి. కొట్లో ఏ భాషలోనైనా ఏడవండి, గడప దాటి లోపలికొస్తే తెలుగే మాట్లాడాలి అనేది. పిల్లల్లో ఎవరైనా నోరుజారి "భాత్" అంటే గరిటె గాల్లో ఆగిపోయేది. "అన్నం" అన్నాకే కంచంలో పడేది. అలా మాడి మాడి నేర్చుకున్నాం తెలుగు. ఈ నాలుగు ముక్కలూ నేను రాయగలుగుతున్నానంటే ఆ గరిటె చలవే. అమ్మ పోయాక గరిటె వదిన చేతికొచ్చింది. అత్తగారిని మించిపోయింది మహాతల్లి. కొట్లోకి ఏనాడూ అడుగు పెట్టలేదు, రెండు ఒరియా ముక్కలు నోట పట్టలేదు.

అన్నయ్య కొట్లో ఉంటే వేరే మనిషి. సంతకి కొండ దిగి వచ్చిన ఆడవాళ్ళు కనపడగానే "బస" అనేవాడు, కూర్చోమని. ఆ వెంటనే "ఖాయిల కి?" అనేవాడు, తిన్నావా అని. బేరం ఆ తరవాతే. అదే మనిషి గడప దాటి లోపలికొస్తే ఊఁ అనడం, ఆఁ అనడం, చారు పొయ్యమనడం, అంతే. తిన్నావా అని వదినని అడగ్గా నేనెన్నడూ వినలేదు. అందరి తరవాతా తినేదాన్ని అడిగేదేముంది అనుకున్నాడు కాబోలు.

పోయినేడు వానాకాలంలో అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి పడిపోయింది, నోట మాట పోయింది. ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకి మాట మెల్లగా తిరిగొచ్చింది. వచ్చిందని సంబరపడేలోపే తెలిసింది, వచ్చింది తెలుగు కాదు. సంత ఒరియా. మంచం మీద నుంచి "పాణి" అన్నాడు, నీళ్ళిమ్మని. తెలుగు ముక్క ఒక్కటీ నోట్లోంచి ఊడిపడదు.

ఇలా అవుతూ ఉంటుందని, ఏ భాష వస్తే ఆ భాషలోనే పలకరించండని, మిగతాది వెనకాల రావచ్చని విశాఖపట్నంలో డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. కొడుకు రాకేష్, కోడలు బిందుశ్రీ సరేనన్నారు. మా వదిన వింటేగా!

మాది తెరుబలి. అన్నయ్యని చూద్దామని బస్సెక్కి వెళ్ళేసరికి, వదిన మంచం పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"నీళ్ళనండి, ఇస్తాను."

"పాణి."

"అది కాదండీ. నీళ్ళు."

అన్నయ్య నుదుటి మీద చెమట పట్టింది. పెదాలు కూడదీసుకున్నాడు. రాలేదు. చివరికి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసు లాక్కుని నేనే తాగించాను. చంటిపిల్లలకి పెట్టిన కట్టడి మంచం పట్టిన మనిషికి పెడతావా, నీకు మతి ఉందా అని కడిగేశాను. వదిన తొణకలేదు.

"ఇప్పుడు ఒరియాలో పలికేమంటే ఇంక తెలుగు రాదు వరాలూ," అంది. "నాకా, ఆ భాష రాదు. మరి నాతోటి ఏటి మాటాడతారు?"

భయమని అప్పుడర్థమైంది. అయినా కోపం తగ్గలేదు. భయపడితే మాత్రం గ్లాసు దాచేస్తారా?

ఆ రోజు నుంచి అన్నయ్య "పాణి" అనడం కూడా మానేశాడు. దాహమేస్తే గ్లాసువైపు చూసేవాడు, అంతే. ఇక వదిన వైద్యాలు మొదలుపెట్టింది. దిష్టి తీసింది. వసకొమ్ము అరగదీసి తేనెతో నాలిక్కి రాసింది. మనవలున్న మగాడికి వస నాకించడం ఎక్కడైనా చూశారా? అ ఆలు రాసిన అట్ట తెచ్చి మంచానికెదురుగా కట్టింది. అన్నయ్య దానివైపు కూడా చూడలేదు. మాటతో పాటు మనిషే పోతాడేమోనని నాకు బెంగ పట్టుకుంది.

ఒక సంత రోజున కరెంటు పోయింది. లోపల ఉడికిపోతున్నాడని రాకేష్ కుర్చీ తెచ్చి, తండ్రిని గడప దగ్గర గాలికి కూర్చోబెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఎప్పుడూ పొగాకు కొనే కొండ ముసలామె ఒకావిడ అన్నయ్యని చూసి, బుట్ట దింపి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఏమీ అడగలేదు. అన్నయ్య ఆవిడ మొహంలోకి చూస్తూ ఉన్నాడు.

"ఖాయిల కి?" అన్నాడు.

తిన్నానందావిడ. తరవాత మేకల సంగతి అడిగాడు. వానలడిగాడు. మాట మాటకీ తడుముకుంటూనే ఉన్నాడు, కానీ ఆపలేదు. చెయ్యి పడిపోయిందని చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. లోపల గరిటె పట్టుకుని నిలబడ్డ వదినని అప్పుడు చూశాను. ఆ ఏడాదిలో మొదటిసారి ఆవిడ మీద జాలేసింది.

"ఆవిడెవులో నాకు తెలీదు వరాలూ," అంది. "ఆరి కడుపులో ఉన్నదంతా ఆవిడికి సెప్పేసేరు."

మర్నాడు పొద్దున్నే మా వదిన గడప దాటి కొట్లో కూర్చుంది.

అక్కణ్ణించి మాకు నరకం. రమ్మనాల్సిన వాళ్ళని పొమ్మనేది, ఉప్పడిగితే బెల్లం తీసేది. కొట్టంతా నవ్వేది, ఈవిడ వాళ్ళతో కలిసి నవ్వేది. పరువు పోతోందమ్మా అని రాకేష్ మొత్తుకుంటే, పోనీరా అనేది. మాపటేళ తెరుబలికి ఫోన్ చేసి నా మీద ఒరియా ప్రయోగాలు. తప్పులు దిద్దలేక నా గొంతు పోయింది. ఈ వయసులో నీకీ చదువేమిటి వదినా అంటే, "వయసుకేటి, నోరు బాగానే ఉంది కదా," అంది. నోరు బాగానే ఉందని నాకు వేరే చెప్పాలా! అయినా ఇన్నేళ్ళూ వంటింట్లోంచి చూసిన బజారుని ఆవిడ బల్ల మీంచి చూడటం నేర్చుకుంది. కొండవాళ్ళ ఊళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు, జ్వరాలు అన్నీ ఆవిడకి తెలిసిపోయాయి. అ ఆల అట్ట ఎవరూ చెప్పకుండానే ఊడదీసింది.

అన్నయ్య మాత్రం ఆవిడ ఎంత ఒరియా వొలకబోసినా పలికేవాడు కాదు. గ్లాసు సంగతి మర్చిపోలేదేమో. వదిన అడక్కుండానే నీళ్ళు పెట్టేది, ఆ రోజు కొట్లో ఎవరొచ్చారో తప్పుల తడకగా చెప్పేది, వెళ్ళిపోయేది. పెళ్ళాం ఇంత దిగొచ్చినా ఆ పంతమేమిటని ఈసారి అన్నయ్య మీద మండిపడ్డాను.

మొన్న మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వదిన ఆయనకి అన్నం కలిపి పెడుతోంది. నేనింకా కొట్లోనే ఉన్నాను. ముద్దకీ ముద్దకీ మధ్య కొట్టు కబుర్లు చెబుతోంది. అన్నయ్య తినడం ఆపాడు.

"ఖాయిల కి?"

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇంత నేర్చుకునీ, జవాబు ఒరియాలో రాలేదావిడకి. తెలుగే వచ్చింది.

"ఇన్నేళ్ళ కాపరంలో ఒక్కపాలైనా అడిగేరేటండీ?" అంది.

అన్నయ్య బాగున్న చేత్తో పక్కనున్న పీట చూపించాడు. "బస," అన్నాడు.

వదిన కూర్చుంది. అదే కంచంలో ఒక ముద్ద తను తింది. నేను కొట్లో ఉప్పు బస్తా మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఇంత రాద్ధాంతం చేసి ఇప్పుడు నన్ను ఏడిపిస్తారా వీళ్ళిద్దరూ?

నన్ను ఎప్పుడు చూసిందో మరి, లోపల్నించి కేకేసింది.

"వరాలూ! ఖాయిల కి?"

అదీ గడప లోపల్నించి, మా అమ్మ ఫొటో కింద కూర్చుని. బస్సులో వచ్చిన ఆకలితో నా కడుపు నకనకలాడుతోంది. తినలేదని ఒరియాలోనే అరిచి, లోపలికి వెళ్ళాను.