బోణీ కాని బల్ల

నా చిన్నప్పుడు మా ఇల్లూ కొట్టూ ఒకే కప్పు కింద ఉండేవి. ఐర్లండ్‌లో బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర భాగపు సరిహద్దుకు ఇవతల ఉన్న చిన్న ఊరు మాది. వెనక తలుపు తీసి పొలం గట్టు మీద కాస్త నడిస్తే దేశం మారిపోయేది. ఆ సంగతి ఫోనుకు తెలిసేది గాని కాళ్లకు తెలిసేది కాదు. మా గల్లాపెట్టెలో యూరోలకో అర, పౌండ్లకో అర. నరసరావుపేట బజారులో తాతల నాటి నుంచి కిరాణా కొట్టు నడిపిన వంశం మాది. మా నాన్న రాజధాని పక్కనున్న బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కొన్నాళ్లు ఒకరి దగ్గర పనిచేసి, ఒకరి కింద ఉండలేక, ఎవరికీ అక్కర్లేని ఈ కొట్టును బేరమాడి పట్టాడు. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందని అమ్మ అనేది. అది పొగడ్త అనుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఊళ్లో ఎక్కువమంది కాథలిక్కులు. వాళ్లకు పెద్ద చర్చి, ఫుట్‌బాల్ మైదానం, పబ్బు ఉన్నాయి. తక్కువమంది ప్రొటెస్టెంట్లైన అల్‌స్టర్ స్కాట్స్. ఎన్నో తరాల కిందట స్కాట్లండ్ నుంచి సముద్రం దాటి వచ్చి, ఇక్కడ పొలాలు చేసుకున్నవాళ్ల వారసులు. వాళ్లకు వేరే చర్చి, ఊరి చివర రేకుల కప్పు హాలు. ఈ రెండు పక్షాల పాత గొడవల రోజుల్లో మా ఊరి రోడ్డు మీద ప్రాణాలు పోయాయని విన్నాను గాని, ఎవరి నోటా పూర్తిగా వినలేదు. మా కొట్లో మాత్రం ఇరుపక్షాలూ ఒకే ఫ్రిజ్‌లోంచి పాలు తీసుకుని, వాన గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకుని, ఎవరి దారిన వాళ్లు పోయేవారు.

మా పక్కింటి మామ్మ ఆ హాలు పక్షం మనిషి. నేను తెలుగులోనే 'మామ్మా' అని పిలిస్తే పలికేది. ఆవిడ మాట్లాడే పాత స్కాట్స్ యాస మా స్కూలు టీచరుకే సగం అందేది కాదు. మా నాన్నకు మాత్రం మొత్తం అర్థమయ్యేది. ఎందుకంటే ఆవిడ రోజూ అడిగేవి పాలు, పేపరు, కోళ్ల మేతే.

ఏటా ఆకులు రాలే కాలంలో ఆ హాల్లో వాళ్ల వారసత్వ సాయంత్రం జరిగేది. బయట ముంగిట్లో మేకతోలు బిగించిన పెద్ద డోలు వాయించేవారు. అది మెడకు తగిలించుకుంటే వెనకాల మనిషి ఉన్నాడని పాదాలను బట్టి తెలియాల్సిందే. లోపల ఫిడేలు, గళ్ల పావడాల ఆడపిల్లల నాట్యం, ఒక పెద్దాయన వాళ్ల యాసలో చదివే పద్యాలు. ఆ తర్వాత టీ. ఆ టీకి ఒక పద్ధతి ఉంది. ఒక్కో బల్లను ఒక్కో ఇల్లాలు పడుతుంది. పరిచే గుడ్డ, కప్పులు, కేకులు అన్నీ ఆవిడవే. తన అతిథులు తిని లేచేదాకా ఆవిడ కూర్చోదు, ఏప్రను కట్టుకుని నిలబడి పోస్తూనే ఉంటుంది. బల్ల అత్త నుంచి కోడలికో తల్లి నుంచి కూతురికో రావాలి. ఆ ఏడు ఒకావిడ చనిపోయింది, కూతురు ఎక్కడో దూరాన ఉంది, బల్ల ఖాళీ. మామ్మ ఒక పొద్దున కోళ్ల మేతతో పాటు మా అమ్మను కూడా అడిగింది: ఆ బల్ల నువ్వు పడతావా అని.

ఆ సాయంత్రమే ఇంట్లో గొడవ. "మనది కొట్టే! నువ్వు ఆ హాల్లో అడుగు పెడితే, కాథలిక్కులు రేపట్నించి పాలు ఇంకోచోట కొంటారు" అన్నాడు నాన్న.

"ఆవిడ పిలిచింది నన్ను, నీ కొట్టుని గాదు" అంది అమ్మ. "ఈ ఊరొచ్చాక నన్ను పాలకీ బ్రెడ్డుకీ గాకుండా పిలిచిన మనిషి ఆవిడొక్కతే. నేను పోతా."

అమ్మ పెట్టెలోంచి మంగళగిరి చీర ఒకటి తీసి, బల్ల మీదికి సరిపోతుందా అని నేల మీద పరిచి చూసుకుంది. పింగాణీ కప్పులు మాకు లేవు. రోగుల సహాయార్థం నడిపే పాత సామాన్ల దుకాణంలో ఒక సెట్టు దొరికింది. ఆ దేశంలో అలాంటి దుకాణంలో ఎవరూ బేరమాడరు. నేను ఆడాను. ఒక కప్పు అంచు పెచ్చు ఊడి ఉందని చూపించి ధర తగ్గించాను. రోగుల నోటి దగ్గర బేరమాడి గెలిచిన ఘనత నాదే.

వారసత్వ సాయంత్రం నాడు అమ్మ, నేను ముందే వెళ్లి బల్ల సర్దుకున్నాం. మామ్మ నేర్పిన స్కోన్లనే చిన్న రొట్టెలు, వాటి పక్కన సున్నుండలు. పద్యాలయ్యాక జనం లేచి టీకి కదిలారు. ఒక్కొక్కరూ మా బల్ల ముందు నుంచే వెళ్లారు, తలలూపి పలకరించారు, తమ తమ బల్లల దగ్గర కూర్చున్నారు. మా బల్ల దగ్గర మాత్రం ఎవరూ లేరు. అమ్మ టీ కూజాకు వేడి పోకుండా ఊలు టోపీ తొడిగింది, తీసింది, మళ్లీ తొడిగింది. ఖాళీ కొట్లోకి ఎవరూ అడుగు పెట్టరన్న సంగతి నాకు ఉగ్గుపాలతోనే తెలుసు. బోణీ కావాలి. అంతే, గుమ్మం దగ్గరికి పరుగెత్తి, "మా బల్ల దగ్గరికి రండి, అన్నీ ఉచితం, ఎన్నయినా తినొచ్చు!" అని కేకలు మొదలుపెట్టాను.

హాలంతా నవ్వింది. టిక్కెట్టు వాకిట్లోనే తీసుకున్నారు, ప్రతి బల్ల మీదా అన్నీ ఉచితమే. లోకంలో ఉచితంగా దొరికేదాన్ని ఉచితంగా అమ్మబోయిన వ్యాపారిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రోజూ మా కొట్లో పేపరు కొనే ముసలాయన నా భుజం తట్టాడు. "రావాలనే ఉంది పిల్లా! కానీ మా అమ్మమ్మ కూర్చున్న కుర్చీ అదుగో అక్కడ. నేను ఇంకో చోట కూర్చుంటే పైనుంచి దిగొచ్చి నా చెవి మెలిపెడుతుంది" అని, తన కుర్చీ వైపు నడిచాడు. మా బల్ల దగ్గర ఎవరి అమ్మమ్మా ఎప్పుడూ కూర్చోలేదు. వాళ్లకు కోపం లేదు, ద్వేషం లేదు. అలవాటు ఉంది. ద్వేషమైతే ఎదురు తిట్టొచ్చు, అలవాటును ఏం చేస్తాం?

"ఇటు రావే, ఉన్న పరువు తియ్యమాక" అంది అమ్మ మెల్లగా. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అప్పుడు మామ్మ తన టీ కూజా కింద పెట్టింది. ఆవిడది వేదిక పక్కన పెద్ద బల్ల. కొత్త కోడలిగా వచ్చిన ఏడు అత్తగారి చేతి నుంచి అందుకున్నది. ఏప్రను ముడి విప్పి, మడిచి, తన కుర్చీ మీద పెట్టి, హాలు మధ్య నుంచి నడిచి వచ్చి మా బల్ల దగ్గర అతిథిలా కూర్చుంది. ఫిడేలు వాయిస్తున్నవాడు కూడా ఆగిపోయాడు.

"ఏమ్మా, ఆ కూజాలో టీ ఉందా, చూపుకు పెట్టావా?"

అమ్మ గబగబా పోసింది. ఆ తొందరలో పెచ్చు ఊడిన కప్పే ఆవిడ ముందుకు వెళ్లింది. మామ్మ కప్పును అవతలి వైపు తిప్పి తాగింది. సున్నుండ కొరికి, "ఇదేదో గుర్రాల దాణాలా ఉంది, ఇంకోటి పెట్టు" అంది.

ఆవిడ కోడలు ముఖం ఎర్రబడి వచ్చింది. "అక్కడ మీవాళ్లు ఖాళీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు" అంది.

"వాళ్లకు కాళ్లున్నాయిగా" అంది మామ్మ, ఆమె వైపు చూడకుండా.

పేపరు ముసలాయన ముందు లేచాడు. చెవి తడుముకుంటూ వచ్చి కూర్చున్నాడు. మరో ఇద్దరు ముగ్గురు వచ్చారు. మిగిలినవాళ్లు రాలేదు. మామ్మ బల్ల దగ్గర కొందరు చివరిదాకా ఖాళీ కప్పులతోనే కూర్చున్నారు. కోడలు కేకు డబ్బా మూతపెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి నేను నాన్నతో గొప్పగా చెప్పాను. బోణీ పడింది, మామ్మ వస్తే వెనకే జనం వచ్చారు అని. నాన్న గల్లాపెట్టె మూశాడు. "పిచ్చిదానా, బోణీ చేసినాయనకి పోయేది నాలుగు రూపాయలు. ఆవిడ తన కొట్టు మూసి మన కొట్టు తెరిచింది" అన్నాడు.

ఆ మాట బరువు తర్వాతగాని తెలియలేదు. వదిలి వెళ్లిన బల్ల మళ్లీ రాదట, అదీ ఆ హాలు పద్ధతే. మరుసటి ఏడు ఆ పెద్ద బల్ల కోడలు పట్టింది. కొడుకు కారు చాలా ఆదివారాలు మామ్మ గేటు ముందు ఆగకుండానే వెళ్లడం మా కిటికీలోంచి చూశాను. మామ్మ ఏటా మా అమ్మ బల్ల దగ్గరే కూర్చుంది, పోయేదాకా. ఎందుకలా చేశావని ఒకసారి అడిగితే, నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయంది. ఇక మా కొట్టు సంగతి, నాన్న లెక్క తప్పలేదు. కాథలిక్కుల్లో కొందరు పాలు ఇంకోచోట కొనడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎదురుపడితే అంతా బాగే అన్నట్టు 'గ్రాండ్' అనేవారు, నవ్వేవారు, లోపలికి మాత్రం వచ్చేవారు కాదు.

ఇప్పుడు మా అమ్మ లేదు. ఆ బల్ల నేను పడుతున్నాను. నా బేరాల బుద్ధి ఎక్కడికీ పోలేదు, మా పిల్లలు నాతో అంగడికి రావడానికి సిగ్గుపడతారు. కానీ బోణీ కాని కొట్లో మాత్రం నేను బేరమాడను, చెప్పిన ధర ఇచ్చి వస్తాను. మామ్మ పేరు మీద అంతవరకు చేయగలిగాను, అది చవకైన పని కాబట్టి.

ఖరీదైనది మిగిలే ఉంది. నా బల్ల ఇప్పుడు నిండుగా ఉంటుంది. ఇక్కడ మా అమ్మమ్మ కూర్చునేదని చెప్పుకునే పిల్లలు కూడా వస్తున్నారు. ఏటా టీ మొదలయ్యే వేళకు నేను హాలంతా ఒకసారి కలయజూస్తాను, ఎక్కడైనా ఖాళీ బల్ల వెనక ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని. ఎవరూ ఉండకూడదని లోపల మొక్కుకుంటూనే చూస్తాను. నా చెయ్యి ఏప్రను ముడి మీదికి వెళ్తుంది. విప్పగలనో లేదో మాత్రం నాకు తెలియదు.