అంబలి తాగేదే కదా

కర్నూలు ఆస్పత్రి వరండాలో ఆ నర్సు నన్నన్న మాట ఇప్పటికీ మరువలేదు. "కడుపు నిండా తిని వచ్చినావు కదప్పా పెద్దాయనా! చెప్పింది తలకెక్కదా?" అప్పుడు బెంచీల మీద ఏడుగురున్నారు. అందరూ విన్నారు.

నేను ఒక్క మెతుకు తినలేదు. పరీక్షకు ముందు రోజు నుంచి నీళ్లలాంటివే తాగాలని ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితంలో రాశారు. అలాగే రాగి అంబలి తాగాను. మా ఇళ్లల్లో సంగటి తింటాం, అంబలి తాగుతాం. ఏం తాగావని నన్నెవరూ అడగలేదు. పేగు శుభ్రంగా లేక, పెద్దపేగులోకి పంపిన కెమెరాకు ఏమీ కనబడలేదట. డాక్టరు మధ్యలోనే ఆపి, మళ్లీ చేయాలని రాసిచ్చాడు. ఆయన్ను తప్పు పట్టను, చూడనిది చూశానని రాయలేదు.

నాకు అప్పటికే మలంలో నెత్తురు పడుతుండేది. మా అన్న పేగు క్యాన్సర్‌తోనే పోయాడు. అయినా ఆ మాటకు పౌరుషపడి మళ్లీ పరీక్షకు పోనన్నాను. ఆస్పత్రికి రెండు పేజీల ఫిర్యాదు మాత్రం పంపాను. రెండు నెలలు గడిచాయి.

"ఆయమ్మ మీద కోపం నీ పేగు మీద తీర్చుకుంటాండావా?" అంది నా భార్య. వాళ్ల చెల్లెలుండే కడపలో వేరే ఆస్పత్రిలో పరీక్షకు తేదీ తీసుకుంది.

పరీక్షకు ముందు రోజు పొద్దున్నే అక్కడి నర్సు ఫోన్ చేసింది.

"లేచినకాడ్నుంచి ఏమేం తాగినారు? ఒక్కొక్కటే చెప్పండి."

"అంబలి, చెంబుడు."

"అయ్యో, అది పేగుకు అంటుకుంటాది పెద్దాయనా! మా ఇంట్లోనూ దాన్ని తాగేదే అంటాం లే. ఇంక కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, అంతే. పేగు కడిగే మందు నీళ్లు తాగినాక బయటికి పోయేది తేటగా రావల్ల."

మర్నాడు ఆస్పత్రికి పోగానే "తేటగా వచ్చిందా?" అని మళ్లీ అడిగింది.

మత్తు తక్కువే ఇచ్చారు. డాక్టరమ్మ కెమెరా గొట్టాన్ని చివరిదాకా పంపి, వెనక్కి తీసేటప్పుడు శానాసేపు తీసుకుంది. మడత మడతకూ ఆగి, కడిగి చూసింది. ఒకసారి నన్ను రెండో పక్కకు తిప్పింది.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాను విసుగ్గా.

"చూసేది వెనక్కి వచ్చేటప్పుడేనప్పా. తొందరపెట్టద్దు."

ఒక మడత వెనక శనగగింజంత బుడిపె దొరికింది. తీగ ఉచ్చు వేసి అప్పుడే తీసేసింది. క్యాన్సర్ కాదని వారం తర్వాత తెలిసింది. వదిలేస్తే ముందు ముందు అయ్యేదేమోనట. కాగితం పట్టుకుని నా భార్య ఏడ్చింది. నాకు అన్న గుర్తొచ్చాడు.

ఆ సాయంత్రమే కర్నూలు ఆస్పత్రికి రెండో ఉత్తరం రాశాను. నేను తినలేదనీ, తాగాననీ, ఏం తాగావని అడిగితే చెప్పేవాణ్ణనీ, మీరిచ్చే కాగితంలో 'అంబలి కూడా వద్దు' అని పెద్ద అక్షరాలతో వేయించమనీ రాశాను. వరండాలో అన్న మాట వెనక్కి తీసుకోమని కింద ఇంకో వాక్యం చేర్చాను.

జవాబు రాలేదు. మొన్న మా వీధిలో ఒకాయన అదే ఆస్పత్రిలో ఇదే పరీక్షకు పోతుంటే కాగితం అడిగి చూశాను. అంబలి మాట లేదు. నేనే పెన్నుతో రాసిచ్చి, మూడో ఉత్తరం మొదలుపెట్టాను.