ఇంజను వచ్చి ఆనుకున్నప్పుడు

పెళ్ళయిన కొత్తలో మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే బండి గురించి చెప్పేవారు. విశాఖపట్నం యార్డులో ఆయన కారేజీ ఫిట్టరు, అంటే రైలు పెట్టెల అడుగు భాగాలు చూసి బాగుచేసే పని. అనకాపల్లిలో పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం పాసింజరుకే దిగేవారు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "ఇయాల దారంతా లాగుడే," అనేవారు ఒకరోజు. ఇంకోరోజు, "గుద్దుడే గుద్దుడు," అనేవారు. మామగారిదీ రైల్వే ఉద్యోగమే కాబట్టి అత్తయ్యకు ఆ మాటలు అలవాటే. నాకే అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది.

బండి కదిలేటప్పుడు విసురుగా వెనక్కి తూలితే లాగుడు. ఆగేటప్పుడు వెనక పెట్టె వచ్చి తోసినట్టయితే గుద్దుడు. లాగుడైతే పెట్టెను పెట్టెకు తగిలించే కప్లింగు వదులుగా ఉందని గాని, దాని కొక్కెం వెనకాల రబ్బర్లు చచ్చిపోయాయని గాని అర్థం. గుద్దుడైతే పెట్టె చివర తాకిడి కాసే గుండ్రటి బఫర్లలో స్ప్రింగులు నీరసించాయన్నమాట. ఇంత ఇనుముతో చేసిన బండిలో రబ్బరేమిటండీ అని ఒకసారి అడిగాను.

"బెల్లం దిమ్మలు మోసీ వోళ్ళని నువ్వు సూళ్ళేదేటి? తలకీ దిమ్మకీ మధ్యన గుడ్డ సుట్టి పెట్టుకోరా? ఇదీ అంతే. ఒక ఇనప పలక, ఒక రబ్బరు, మళ్ళీ పలక, మళ్ళీ రబ్బరు. ఇంజను లాగిన ఇసురు ముందు అది మింగుతాది. మిగిలింది మెల్లగా పెట్టెకి ఇత్తాది."

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. దేవరాపల్లి అవతల మా ఊళ్ళో, పొద్దుటి ప్రార్థన అయ్యాక నాన్న పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు చదివించేవారు. నా చదువంతా అదే. అందుకేనేమో, ఎవరు ఏది చెప్పినా నాకు కానుక ఇచ్చినట్టే ఉంటుంది. ఆ రాత్రి ప్రార్థనలో ఆ రబ్బర్ల కోసం కూడా స్తోత్రం చెప్పుకున్నాను. అత్తయ్య విని నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ తరువాత నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండూ అయిదో నెల రాకుండానే. మూడోసారి విశాఖపట్నంలో పెద్ద డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. అయిదో నెల వచ్చింది. బిడ్డ కదలడం మొదలుపెట్టింది. నీళ్ళలో చేపపిల్ల తోక ఆడించినట్టు ఉండేది. అప్పుడు ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ ఒకటే మాట అన్నారు: "మంచం దిగకూడదు. దారిలో కుదుపు తగలకుండా తీసుకెళ్ళండి."

అవి హైవేను నాలుగు వరసలు చేస్తున్న రోజులు. అనకాపల్లి దాకా రోడ్డు ఒకచోట తవ్వి, ఒకచోట కంకర పోసి ఉండేది. ఆసుపత్రి వరండాలో తల్లీకొడుకులు నా మంచం పక్కనే వాదించుకున్నారు.

"కారు కట్టించరా. మెత్తటి సీటుంటాది. పడుకోబెట్టి తీసుకుపోదుం," అన్నారు అత్తయ్య.

"ఏ రోడ్డు మీదమ్మా? లంకెలపాలెం కాడ గోతిలో దిగితే నీ మెత్తటి సీటేటి సేత్తాది?"

"మరి రైలు కుదపదేటి? రోజూ ఇంటికొచ్చి లాగుడూ గుద్దుడూ అని ఏడిసీ వోడివి నువ్వే కదరా!"

"అందుకేనమ్మా. ఏ పెట్టె ఏటి సేత్తాదో నాకు తెలుసు. రోడ్డు గురించి నాకేటి తెలుసు?" అన్నారు మా ఆయన.

ముందురోజే యార్డుకు వెళ్ళి, మేం ఎక్కబోయే బండి కింద దూరి చూసి వచ్చారట. నడిమి పెట్టె ఒకటి ఎంచుకున్నారు. అందులోనూ చక్రాల మీదికి రాకుండా సరిగ్గా మధ్య బల్ల. దాని మీద పరచడానికి పరుపు తెచ్చారు. ఆ పెట్టెకు రెండు వైపులా కప్లింగు బిగించి పెట్టమని, ఆ రోజు డ్యూటీలో ఉన్న స్నేహితుడికి చెప్పారు.

మేం స్టేషనుకు వెళ్ళేసరికి ఆ స్నేహితుడు రెండు పెట్టెల మధ్య నుంచి గ్రీజు చేతులతో పైకి లేచాడు.

"బిగించేసేను బావా. బఫర్లు రెండూ మూతులు ఆనించుకుని కూకున్నాయి, కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురులాగ. సెల్లెమ్మా, నువ్వేం బయపడకు."

"పెద్దదాన్ని ఇక్కడున్నానురా. నోరు సూసుకో," అన్నారు అత్తయ్య. కానీ ఆవిడ ముఖంలో చాలా రోజుల తరువాత కాస్త తేట కనిపించింది.

రైల్వే వాళ్ళ ఇళ్ళలో ఒక అలవాటుంది. ఊళ్ళో వాళ్ళంతా బండి సిద్ధమయ్యాక తోసుకుని ఎక్కుతారు. మేం ఖాళీ పెట్టెలు వచ్చి నిలబడగానే, ఇంజను రాకముందే ఎక్కి, కావలసిన చోట సర్దుకుంటాం. అందులో ఒక చిన్న గొప్ప కూడా ఉంటుంది. ఆ రోజూ అలాగే జనం లేకుండా, ఎవరి భుజం తగలకుండా, మా ఆయనా ఆ స్నేహితుడూ నన్ను కుర్చీతో సహా ఎత్తి లోపలికి చేర్చి పరుపు మీద పడుకోబెట్టారు. స్నేహితుడు కిందికి దిగిపోయాడు. అత్తయ్య నా తల దగ్గర కూర్చుని నీళ్ళ సీసా కిటికీ పక్కన పెట్టారు.

మా ఆయన సంచి పైన పెడుతూ, చేతులు అలాగే పైకి ఉంచి ఆగిపోయారు. ప్లాట్‌ఫారం చివర ఎక్కడో ఇంజను కూత వినిపించింది.

"ఇంజను," అన్నారు.

"వత్తే రానీ. బండికి ఇంజను రాదేటి?" అన్నారు అత్తయ్య.

"తగుల్తాదమ్మా! వచ్చి తగుల్తాది!"

అప్పుడు నాకూ అర్థమైంది. ఇంజను వచ్చి మొదటి పెట్టెకు ఆనుకున్నప్పుడు ఆ తాకిడి బండంతా పాకుతుంది. నడిపేవాడు నెమ్మదస్తుడైతే తెలియదు, తొందరపడితే నిలబడ్డవాళ్ళు పడిపోతారు. దారిలో వచ్చే కుదుపులన్నీ ఆలోచించిన మనిషి, రోజూ కళ్ళ ముందు జరిగేదాన్ని మరిచిపోయారు. ఆ సమయంలో ఆయన ఎప్పుడూ నేల మీద నిలబడి ఉంటారు. పెట్టె లోపల ఉండరు.

"దించేద్దుమా?" అన్నారు అత్తయ్య లేస్తూ.

"టైము లేదు. దించుతుండగా తగిలితే మరీ పెమాదం." కిటికీ చువ్వలకు ముఖం ఆనించి అరిచారు: "బావోయ్! నీ సెల్లెమ్మ లోపలున్నాది! ఆగి రమ్మను! మెల్లగా ఆనించమను!"

ఆ స్నేహితుడు భుజం మీది ఎర్రగుడ్డ తీసి ఊపుకుంటూ పరుగెత్తడం నాకు కిటికీ చువ్వల మధ్య నుంచి కనిపించింది. అందుకుంటాడో లేదో తెలియదు. మా ఆయన బల్ల పక్కన మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ పరుపు కిందికి, నా నడుము కిందికి దూర్చి, అరచేతులు పైకి పెట్టారు. నాకు పెద్ద ప్రార్థన ఏదీ నోటికి రాలేదు. ఎవరో ముఖం తెలియని డ్రైవరు చెయ్యి ఆ క్షణంలో ఏదో ఒక పిడి మీద ఉంటుంది కదా, ప్రభువా, ఆ చెయ్యి పట్టుకో అన్నాను.

ముందు చప్పుడు వచ్చింది. దూరంగా ఇనుముకు ఇనుము ఆనిన చప్పుడు. తరువాత ఒక్కో పెట్టే ఆ తాకిడిని అందుకుని, కొంత తన దగ్గర ఉంచుకుని, మిగిలింది పక్కదానికి అందిస్తున్నట్టు వరసగా వినిపించింది, వచ్చేకొద్దీ సన్నబడుతూ. మా పెట్టె దాకా వచ్చేసరికి సీసాలో నీళ్ళు ఒకవైపు ఒరిగి సర్దుకున్నాయి. అంతే.

కాసేపటికి ఆ స్నేహితుడు రొప్పుతూ కిటికీ దగ్గరకు వచ్చాడు. "ఆపేడు బావా. ఆగి, మనిషి నడిసొచ్చినట్టు వచ్చేడు. సెల్లెమ్మ బాగున్నాదా?"

నేను తల ఊపాను. అయితే బిడ్డ కదలడం లేదు.

అంతకు ముందు స్టేషను మెట్ల దగ్గర కదిలింది. ఆ తరువాత లేదు. జనం ఎక్కారు, బండి బయలుదేరింది, దువ్వాడ వచ్చింది, పోయింది. నేను పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎదురుచూస్తూనే ఉన్నాను. మా ఆయన నా చెయ్యి ఎక్కడుందో చూస్తున్నారు. ఆయన చేతుల మీద బల్ల అంచు గీతలు పడి ఉన్నాయి. దారిలో ఎక్కడా లాగుడు లేదు, గుద్దుడు లేదు. ఆయన చేసిన పని అంత బాగా కుదిరినందుకు సంతోషించే స్థితిలో మేం ఎవరమూ లేము.

"ఏటమ్మా?" అన్నారు అత్తయ్య నా చెవి దగ్గర.

"ఇంకా లేదత్తయ్యా."

ఆవిడ పమిట కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. మా ఆయన లేచి తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు.

తాడిలో మా బండిని పక్క లైనులో పెట్టారు. వెనక నుంచి ఏదో ఎక్స్‌ప్రెస్ వచ్చి దాటిపోవాలి. జనం దిగి గాలికి నిలబడ్డారు. ఎదురు బల్ల మీద ఒకావిడ వేరుశనక్కాయలు వలుస్తోంది. ఎక్స్‌ప్రెస్ రొద చేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రొద తగ్గాక, నా అరచేతి కింద, ఎడమ వైపు, చిన్నగా తోక ఆడింది. మళ్ళీ ఆడింది. అత్తయ్య చెయ్యి లాక్కుని అక్కడ పెట్టుకున్నాను. ఆవిడ చాలాసేపు కదలకుండా ఉండి, "స్తోత్రం తండ్రీ," అన్నారు. తరువాత గొంతెత్తి, "ఒరే! తలుపు కాడ ఏటి సేత్తన్నావురా? ఇటు రా. కదిలిందిరా!"

ఆయన వెనక్కి తిరిగారు. ముఖం తడిసిపోయి ఉంది. రెండడుగులు వేసి ఆగి, "బండి బయల్దేరీ టైమైందమ్మా. లాగుడేటన్నా వత్తాదేమో అని సూత్తన్నా," అన్నారు.

"సాల్లేరా నీ లాగుడు. వచ్చి నీ బిడ్డని సూసుకో!"

శనక్కాయలు వలిచే ఆవిడ నవ్వేసి, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.

ఆ బిడ్డ నెలలు నిండాకే పుట్టింది, ఆడపిల్ల. ఆ డ్రైవరు ఎవరో మాకు తెలియలేదు. అనకాపల్లిలో నన్ను దించే హడావిడిలో ఉండగానే బండి వెళ్ళిపోయింది. ఆయన కోసం పేరు లేకుండానే ఇప్పటికీ ప్రార్థన చేస్తాను. ఆ రబ్బరును ఎక్కడో పోత పోసినవాళ్ళ కోసం, దాన్ని పలకల మధ్య పేర్చినవాళ్ళ కోసం కూడా.

ఆ రోజు తాడిలో మా ఆయన చెయ్యి నా చేతి కింద పెట్టుకుని ముగ్గురం అలాగే ఉండిపోయాం. కాసేపటికి కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీది కుళాయి, దాని దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న మనిషి మెల్లగా వెనక్కి జరుగుతున్నారు. బండి ఎప్పుడు కదిలిందో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు.