విమానం పోయేదాకా

శంషాబాద్‌లో చేతిలో సంచీతో బస్సు దిగితే చాలు, ప్రతి క్యాబ్ డ్రైవరూ “ఎయిర్‌పోర్టా సార్?” అంటాడు. ఇక్కడే బడికి పోయి లెక్కలు చెప్పుకునేవాడు కూడా ఉంటాడని ఎవరికీ తోచదు.

ఎయిర్‌పోర్టు పక్కనున్న తొండుపల్లి నుంచి వచ్చే ఓ అమ్మాయి మా బడిలో చదివేది. సంగీతం స్కాలర్‌షిప్ కింద బడి ఆమెకు ఫీజు లేని చదువూ, ఇంటికి తీసుకెళ్లడానికి ఓ వయొలినూ ఇచ్చింది. ఆరో తరగతిలో ఆమె వాయిస్తుంటే తలుపు బందులకు నూనె వేయాలనిపించేది. తొమ్మిదికి వచ్చేసరికి నేను పేపర్లు దిద్దడం ఆపి వినేవాణ్ణి. పిల్లల మార్కులకూ అది మంచిదే.

ఆమెకో అలవాటు ఉండేది. నెత్తిమీద విమానం పోతుంటే కమాను తీగ మీంచి లేపి ఆగేది. మోత తగ్గాక, ఆపిన స్వరం దగ్గరే మళ్లీ ఎత్తుకునేది. విమానాల కింద సాధన చేసే పిల్ల ఇంకెలా నేర్చుకుంటుంది?

వార్షికోత్సవం నాడు, బడి మైదానంలో, వర్ణం మధ్యలో విమానం వచ్చింది. ఆమె ఆగింది. మర్చిపోయిందనుకుని ప్రిన్సిపాల్ గారు తెర దింపించారు. విమానం కంటే ఆయనకే తొందర ఎక్కువ.

మర్నాడు, “స్టేజీ మీద మర్చిపోయే పిల్లకు స్కాలర్‌షిప్ దండగ” అని తేల్చేశారు. నేను విమానం సంగతి చెప్పాను. “మీరు లెక్కలు చూసుకోండి మాస్టారూ” అన్నారు. సంగీతం మాత్రం ఆయన చూసుకుంటారన్నమాట.

ఆమె వయొలిన్ పెట్టె తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

“నేను మర్చిపోలే సార్, ఆగిన.”

“సరే, ఇక వెళ్లు.”

ఆమె కదల్లేదు.

“ఇగ దీన్ని ఎవరు వాయిస్తరు సార్? మీరా?”